అర చుట్టు

ఆసుపత్రి ల్యాబులో, గాజు తొట్టిలో గులాబి రంగు నీళ్ళ నడుమ వేలాడుతున్న ఎముక ముక్కను జక్రయ్య వంగి చాలాసేపు చూశాడు. బెత్తెడు పొడవుంది. ఒళ్ళంతా సన్నటి కన్నాలు. తొట్టి అడుగున చిన్న మోటారు ఆ నీళ్ళను నెమ్మదిగా తిప్పుతోంది.

"ఇది బతికుందా అమ్మా, చచ్చిందా?"

డాక్టర్ ఇందుమతి ఆ ప్రశ్నకు నవ్వలేదు. "తొట్టిలో ఉన్నన్నాళ్ళూ బతికే ఉంటుంది పెద్దాయనా. మీ మనవరాలి కాల్లో పెట్టాకే లోపలినుంచి చచ్చిపోతోంది. అంచులు బాగానే ఉంటాయి, నడిమధ్యకి రక్తం అందదు. రెండుసార్లు పెట్టాం, రెండుసార్లూ తీసేశాం."

"నీళ్ళు అందట్లేదన్నమాట."

"రక్తం."

"అదేలేమ్మా."

ముప్పై ఐదేళ్ళుగా జక్రయ్య దివిసీమలో పంటకాలవ మీద లస్కరు. షట్టర్లు ఎత్తడం, దించడం, ఎవరి వంతు నీళ్ళు వాళ్ళకి పంపడం అతని పని. రిటైరైనా ఆ కాలవకు కొత్త మనిషి రాలేదు గనక రోజుకూలీ మీద ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. ఈ లోకంలో దేన్ని చూసినా అతనికి ముందు కాలవే గుర్తొస్తుంది.

మనవరాలు కెజియా పక్కనే చక్రాల కుర్చీలో ఉంది. సచివాలయంలో సర్వేయరు ఉద్యోగం వచ్చి రెండేళ్ళయింది. ఫిబ్రవరిలో చేపల లారీ ఒకటి ఆమె బండిని గుద్దేసింది. కుడి మోకాలి కింది ముందెముక బెత్తెడు మేర పిండయింది. అక్కడ ఇప్పుడు ఎముక లేదు. బయటినుంచి ఇనప చట్రం, అందులోంచి మాంసంలోకి దిగిన ఊచలు, అవే ఆ కాలిని నిలబెడుతున్నాయి.

"మూడోసారి నేరుగా కాల్లో పెట్టను," అంది డాక్టరు. "ముందు ఆరోగ్యంగా ఉన్న ఇంకో ఒంట్లో పెంచుతాను. రక్తనాళాలు లోపలిదాకా అల్లుకున్నాక, ఆ నాళంతో సహా కోసి తెచ్చి ఈ అమ్మాయి కాలికి కుడతాను."

కణాల మీద ఇవి ఫలానావాళ్ళవన్న ఆనవాలు చెరిపేసే మందు ఒకటి ఆ ల్యాబులో ఆరేళ్ళు కష్టపడి చేశారు. దాంతో ఒకరి ఒంట్లో పెరిగినదాన్ని ఇంకొకరి ఒళ్ళు కాదనదు. కుందేళ్ళలో కాదనలేదు, మేకల్లోనూ కాదనలేదు. మనుషుల్లో ఇదే మొదలు.

కెజియా తల్లి సలోమికి షుగరు. పనికిరాదన్నారు. ఇక మిగిలింది జక్రయ్య.

"తాతా, నీకు అరవై నాలుగు. చేతికి ఏమన్నా అయితే షట్టర్లు ఎవరు తిప్పుతారు?" అంది కెజియా.

"నీ కాలు పోతే పొలాలు ఎవరు కొలుస్తారే?"

"పొలాల సంగతి ఎందుకిప్పుడు!"

"మరి షట్టర్ల సంగతి ఎందుకంట?"

డాక్టరు ఇద్దరి మధ్యకీ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఊచల దగ్గర చీము మొదలైంది. అక్టోబరు ఆఖరు దాకా ఆగగలను. ఆ పైన కాలు ఉంచితే మనిషికే ముప్పు. మోకాలి కిందికి తీసెయ్యాల్సిందే."

జక్రయ్య చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "ఏ చెయ్యమ్మా?"

*

జులై మొదటివారంలో ఎడమచేతి జబ్బ లోపలివైపు చర్మం కింద ఆ ఎముకను పెట్టి కుట్టారు. పెద్ద రక్తనాళంలోంచి ఒక పాయను మళ్ళించి ఎముక మధ్యలోని సొరంగంలోకి దించారు. ఆ ఎముకకు పిలుపు మందు పట్టించి ఉంది. ఊపిరాడని కణం ఒంట్లో ఒక కేక పెడుతుంది, ఆ కేక వినపడ్డ వైపు సన్ననాళాలు మొలకలెత్తి పాకుతాయి. ఈ మందు కూడా అదే కేక పెడుతుంది. జక్రయ్యకు ఇదంతా అర్థమయ్యేలా చెప్పింది డాక్టరు కాదు, మస్తాను. అతను ల్యాబులో తొట్లు చూసుకునే టెక్నీషియను, నలభై ఐదేళ్ళ మనిషి, మాటకు ముందు నవ్వు.

"మీ చెయ్యి ఇప్పుడు మా ఆరో తొట్టి, పెద్దాయనా. మిగతా అయిదూ కరెంటుతో నడుస్తయి. ఇది మాత్రం కల్లు ముట్టకుండా నడవాల."

"ముట్టి పాతికేళ్ళయింది అబ్బాయ్. మీ తొట్టికి టీ అన్నా పోస్తారా?"

ఊళ్ళోకి తిరిగొచ్చేసరికి నాట్ల కాలం. జబ్బ ఉబ్బి, గుడ్డ ఉయ్యాలలో వేలాడుతున్న చేత్తో అతను గట్టు మీదికి రాగానే రైతులకు ఆటపట్టించడానికి మంచి సందు దొరికింది.

"ఏంది జక్రయ్యా, చెయ్యికి నీళ్ళోసుకున్నావంట?"

"ఎన్నో నెల?"

"మొదటి నెలేలే. సీమంతానికి పిలుస్తా, గాజులు పట్టుకు రండి," అన్నాడతను, కుడిచేత్తో పైతూము షట్టరు చక్రం పట్టుకుని.

ఆ వేళ పైరైతుల తూములు మూసే వంతు. నాలుగు రోజులు పైవాళ్ళకి, మూడు రోజులు శివారుకి. పైన తూములు తెరిచి ఉన్నంతకాలం ఎన్ని నీళ్ళు వదిలినా పైచేలే తాగేస్తాయి, కాలవ చివరి శివారు భూములకు తడి వాసన కూడా తగలదు. చక్రం పక్కన ఇనప స్తంభం మీద ఆఫీసువాళ్ళు తెల్లరంగు గీత గీశారు. షట్టరు ఆ గీత దాకా దిగితే మూసినట్టు లెక్క. జక్రయ్య గీత దాకా తిప్పాడు. ఆగాడు. మోకాలు చక్రానికి ఆనించి, పళ్ళు బిగపట్టి ఇంకో అర చుట్టు తిప్పాడు.

"గీతకొచ్చిందిగా, ఇంకా ఎందుకయ్యా నలుపుతావు?" అన్నాడు పైరైతు ఒకడు, మొహం మాడ్చుకుని.

"గీత గీసినప్పుడు అడుగున రబ్బరు కొత్తది. ఇప్పుడు అరిగిపోయింది. అర చుట్టు ఎక్కువెయ్యకపోతే నీ చేనే తాగుద్ది."

ఆ సీమలో ప్రతి లస్కరూ అంతే. గీతను ఎవడూ నమ్మడు. ఆ అర చుట్టు రాసిన పుస్తకం ఆఫీసులో లేదు. పాత లస్కరు చెయ్యి చూసి కొత్త లస్కరు నేర్చుకోవాల్సిందే. దానికి తగిన తిట్లు కూడా అతను తిన్నాడు. నీళ్ళు తక్కువైన ఒక ఏడు శివారు కోసం పైతూమును ఒకరోజు ఎక్కువ బిగించి ఉంచితే, సుబ్బరత్తమ్మ అనే రైతావిడ నారుమడి మాడిపోయింది. నీ చేతులు పడిపోను అని నడి గట్టు మీద దోసెడు మట్టి ఎత్తిపోసి మరీ తిట్టింది. అతను తలొంచుకుని విన్నాడు. ఆమె తిట్టడంలో తప్పేమీ కనిపించలేదు.

*

సెప్టెంబరు మొదట్లో స్కాను తీశారు. పెద్ద తెరమీద ఎముక బూడిద రంగులో, నాళాలు ఎర్రగా కనిపించాయి. ఎముక చుట్టూ ఎర్రటి అల్లిక దట్టంగా కమ్ముకుని ఉంది. లోపల మాత్రం ఎర్రటి పోగు ఒక్కటీ లేదు.

"పిలుపు మందు పెంచుదాం," అంది డాక్టరు.

పెంచారు. పదిరోజుల తర్వాత అంచున అల్లిక ఇంకా లావైంది. నడుమ అలాగే ఉంది. కెజియా కుర్చీలోంచి తెరవైపు చూసి, కాలిమీది దుప్పటి సర్దుకుంది. ఆ సర్దుకోవడం జక్రయ్య చూశాడు.

అతను తెర దగ్గరికి నడిచి, అంచు మీద వేలు పెట్టాడు. "ఇయ్యి పైచేలు." వేలు నడుమకు జరిపాడు. "ఇది శివారు. అమ్మా, నువ్వు కాలవకి ఇంకా నీళ్ళొదులుతున్నావు. పైవాళ్ళ తూములన్నీ బార్లా తీసిపెట్టి ఎన్ని నీళ్ళొదిలినా ఏం లాభం? ఆళ్ళే తాగుతారు. ముందు పైతూములు మూయాల."

"మూస్తే అంచున ఉన్నది ఎండిపోతుంది కదా."

"కొంచెం ఎండుద్ది. అందుకే వంతులు పెట్టేది. ఎండిపోయేదాకా కాదు, దాహమయ్యేదాకా."

మస్తాను నవ్వబోయి, డాక్టరు మొహం చూసి ఆగిపోయాడు. ఆమె తెరవైపే చూస్తోంది.

"మందు ఎముకంతా పట్టించాం," అంది చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు. "అంతటా ఒకే కేక. వచ్చిన నాళానికి గుమ్మంలోనే కడుపు నిండిపోతోంది. ఇంక లోపలికెందుకు పోతుంది?"

వారం తిరక్కుండా మస్తాను ఒక పట్టీ చేశాడు. జబ్బ చుట్టూ కట్టాలి. ఎముక ఉన్నచోట లోపలివైపు ఒక మెత్తటి దిండు, దాన్ని నొక్కడానికి ఒక మర. మర మీద ఎర్ర గీత. ఆ గీత దాకా బిగిస్తే చర్మం కింద అంచునున్న సన్ననాళాలు మూసుకుంటాయి, లోతున పెద్దనాళం మాత్రం పారుతుంది. నాలుగు గంటలు బిగువు, రెండు గంటలు వదులు. పొద్దున లేచింది మొదలు పొద్దుగూకేదాకా అంతే.

"గీత దాటొద్దు పెద్దాయనా," అంది డాక్టరు. "దాటితే మీ అరచేతికి పోయే రక్తం తగ్గుతుంది. ఇది మీ షట్టరు కాదు."

"సరేనమ్మా."

*

ఇంట్లో, తను సర్వేకి వాడే నోటుపుస్తకంలో కెజియా గీతలు కొట్టి పట్టిక వేసింది. తేదీ, బిగించిన వేళ, వదిలిన వేళ, గీత. తాత వసారాలో బల్లమీద కూర్చుని కుడిచేత్తో మర తిప్పుతుంటే, ఆమె నులకమంచం మీదినుంచి అడిగేది.

"గీతకొచ్చిందా?"

"వచ్చింది."

ఆమె 'గీత వరకు' అని రాసుకునేది. ఆమెకు గీతంటే గీతే. పొలం సరిహద్దులో ఒక జానెడు తేడా వస్తే అన్నదమ్ములు కత్తులు తీస్తారు, ఆమె చూసింది.

అక్టోబరు పదిహేనున స్కానులో అంచు అల్లిక పలచబడింది. అక్కడక్కడ సన్నటి ఎర్రపోగులు లోపలికి తల పెట్టాయి. పెట్టి ఆగిపోయాయి.

"దారి మాత్రం ఇదే," అంది డాక్టరు. ఆమె గొంతులో సంతోషం కన్నా అలసట ఎక్కువ వినిపించింది. "కానీ ఈ నడకన నడుమకు చేరాలంటే రెండు నెలలు పడుతుంది. నాకున్నది రెండు వారాలు."

తిరుగు బస్సులో కెజియా కిటికీ వైపు మొహం తిప్పుకుని అంది. "తాతా, కాలు తీసేశాక కృత్రిమ కాలు పెడతారంట. దాంతో కూడా గట్లెక్కచ్చంట. మస్తాను గారు చెప్పారు."

"ఊఁ."

"నేను ఏడవటంలా. చెప్తున్నానంతే."

ఊరు వచ్చేదాకా జక్రయ్య పట్టీ మర మీద వేలు ఆడిస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున వసారాలో కూర్చుని గీత దాకా మర తిప్పాడు.

"గీతకొచ్చిందా?"

"వచ్చింది."

అది అబద్ధం కాదు. ఆమె రాసుకుని పుస్తకం మూసింది. అప్పుడతను కండువా అంచు చేతిమీదికి లాక్కుని, పళ్ళు బిగపట్టి, ఇంకో అర చుట్టు తిప్పాడు. దిండు కూడా రబ్బరులాంటిదే, పది పదిహేను రోజులకు అణిగిపోయి ఉంటుంది, గీత గీసినప్పటి బిగువు దీనికి ఇప్పుడెక్కడిది అనుకున్నాడు. కావాలని చేశాడా, అలవాటు చొప్పున చేశాడా అని తర్వాత తనను తనే చాలాసార్లు ప్రశ్నించుకున్నాడు. చేతికి మాత్రం ఏ అనుమానమూ లేదు.

అయిదో రోజు పళ్ళెంలో అన్నం కలుపుకుని, ఎడమచేత్తో మంచినీళ్ళ గ్లాసు అందుకుంటే చిటికెనవేలికీ ఉంగరపు వేలికీ గ్లాసు తగల్లేదు. పట్టుకున్నాడు గానీ పట్టుకున్నట్టు తెలియలేదు. పట్టీ విప్పి చూసుకుంటే గోళ్ళ కింద నేరేడుపండు రంగు. సుబ్బరత్తమ్మ మాట చెవిలో పడ్డట్టయింది. గీత దగ్గరే ఆపేద్దామా అనుకుంటూ వసారాలోకి వచ్చాడు. కెజియా మంచం మీద కూర్చుని చట్రం ఊచల చుట్టూ చీము తుడుచుకుంటోంది. తుడుస్తూ ఏదో కీర్తన గొణుక్కుంటోంది. పాట ఊచ తగిలిన చోట ఆగి, మళ్ళీ మొదలవుతోంది.

అతను బల్లమీద కూర్చుని, మర తిప్పాడు. ఇంకో అర చుట్టు.

మరో ఆరు రోజులు.

*

అక్టోబరు ఇరవై ఏడున తెరమీద ఎముక లోపలంతా ఎర్రగా ఉంది. వానాకాలపు కలుపులా ఎర్రపోగులు అన్ని కన్నాల్లోంచీ దూరి, నడిమధ్య సొరంగంలోని పాయను అందుకున్నాయి. మస్తాను రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. ఇందుమతి తెర దగ్గరికి వెళ్ళి ఆ ఎరుపును వేలితో తాకింది, ఎక్కడ గీతలు పడతాయోనన్నట్టు మెల్లగా.

"రెండు వారాల్లో! ఏం చేశారు పెద్దాయనా?"

"మీరు చెప్పిందేగా."

కెజియా నోటుపుస్తకం ఇచ్చింది. డాక్టరు అందులోని వేళలన్నీ తన రికార్డులోకి ఎక్కించుకుంది. ప్రతిచోటా 'గీత వరకు'.

మూడు రోజుల తర్వాత, తొమ్మిది గంటల పాటు ఆపరేషను. తాత జబ్బలోంచి తీసిన ఎముక మనవరాలి కాల్లోకి పోయి, నాళాన్ని కుట్టిన క్షణంలో అంచులనుంచి నెత్తురు చెమర్చిందట. బతికినదానికి అదే గుర్తు అని మస్తాను తర్వాత చెప్పాడు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

ఆపరేషను హడావిడి తగ్గాక జక్రయ్య చేతిని డాక్టరు పరీక్షగా చూసింది. రెండు వేళ్ళు నల్లబడి ముడుచుకుపోయాయి.

"ఇది ఎప్పట్నించి?"

"గుర్తులేదమ్మా. ముసలి చెయ్యి. చల్లటి నీళ్ళల్లో తిరిగే చెయ్యి."

ఆమెకు నమ్మకం కలగలేదు. కానీ పుస్తకం 'గీత వరకు' అని చెబుతోంది. వయసు మీదికే తోసి రాసుకుంది. ఆ చిటికెనవేలు పైకణుపు దాకా తీసేశారు. ఉంగరపు వేలు ఉంది గానీ, ఉన్నదంటే ఉన్నదంతే. పట్టు పోయింది.

*

మళ్ళీ జూన్ వచ్చింది. మళ్ళీ కాలవకు నీళ్ళొదిలారు. కెజియా మేలో చేతికర్ర వదిలేసింది. కాస్త కుంటుతుంది, ముఖ్యంగా గట్టు దిగేటప్పుడు. ఆదివారం ప్రార్థన ముగిశాక ఆమె తాతతో పాటు షట్టరు దగ్గరికి వచ్చింది. అతను ఒంటిచేత్తో తిప్పలేకపోతున్నాడని కాలవ ఆఫీసు ఏఈ గారు ఈ ఏటి నుంచి వేరే మనిషిని చూస్తానన్నాడు. ఈ ఒక్క వంతూ తనే మూసి తాళంచెవులు ఇచ్చేస్తానన్నాడు జక్రయ్య.

"డాక్టరమ్మ ఫోన్ చేసింది పొద్దున," అంది కెజియా చక్రం పట్టుకుంటూ. "నీ తర్వాత ముగ్గురికి చేశారంట. ఒక్కరికీ నాళాలు లోపలికి పోలేదంట. ఇంకొకావిడ, ఒంగోలు వైపు, కొడుకు కోసం చేతిలో పెట్టించుకుంది. పది రోజులే గడువుంది. మీ తాత దాంట్లో పోయింది, వీళ్ళ దాంట్లో ఎందుకు పోవట్లేదు, నీ పుస్తకంలో ఏమన్నా రాయటం మర్చిపోయావా అని అడిగింది. ఏం మర్చిపోలేదని చెప్పా."

జక్రయ్య కాలవలోకి చూస్తూ నిలబడ్డాడు. "తిప్పు," అన్నాడు.

ఆమె తిప్పింది. రెండు కాళ్ళమీదా సమంగా బరువు వేసి, నడుము వంచి తిప్పింది. షట్టరు గీత దగ్గరికి వచ్చింది. చేతులు దులుపుకుంది.

"ఇంకో అర చుట్టు," అన్నాడతను.

"గీతకొచ్చిందిగా."

"గీత ఆఫీసోళ్ళది. నీళ్ళు ఆగేది అర చుట్టు..."

సగంలోనే మాట ఆగిపోయింది. కెజియా చక్రం మీద మళ్ళీ చెయ్యి వెయ్యలేదు. అతని మొహం చూసింది. తర్వాత ఎడమచేతి వైపు చూసింది. అతను ఆ చెయ్యి కండువాలో దాచుకున్నాడు.

"తాతా. వసారాలో కూడానా?"

అతను కండువా ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు.

"నేను గీత వరకు అని రాస్తుంటే... ఎన్ని రోజులు?"

"పదకొండు."

ఆమె గట్టు మీద కూలబడింది. కుడికాలు చాపి, ముందెముక మీద అరచెయ్యి పెట్టుకుంది. కాలవ నీళ్ళు మూసీ మూయని షట్టరు కింద బుసబుసమంటూ జారిపోతున్నాయి.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఈ కాలు మీద నువ్వు సుఖంగా నిలబడవని."

"నువ్వు చెప్పకపోతే ఆ ఒంగోలావిడ కొడుకు అసలు నిలబడడు." ఫోను తీసి నంబరు నొక్కి, అతని చేతిలో పెట్టింది. "నువ్వే చెప్పు."

అతను చెప్పాడు. దాచకుండా, నెమ్మదిగా. అటువైపు ఇందుమతి అంతా వింది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాడు. ఆమె ఒకే ప్రశ్న అడిగింది.

"వేళ్ళు మొద్దుబారింది ఏ రోజు పెద్దాయనా? నిజం చెప్పండి. అది నాకు అన్నిటికన్నా ముఖ్యం."

"అయిదో రోజు."

"పట్టీ మొదటి రోజునించి లెక్కా, అర చుట్టు మొదటి రోజునించా?"

"అర చుట్టునించి."

కాగితం మీద కలం కదిలిన చప్పుడు వినిపించింది. "అయితే నాలుగు రోజులు అర చుట్టు వేసి, ఆపి, చెయ్యి తేరుకున్నాక మళ్ళీ నాలుగు రోజులు. వంతులు. ఆ రోజే నాకు చెప్పి ఉంటే మీ వేళ్ళు కూడా నిలిచేవి. కాలూ, వేళ్ళూ, రెండూ నిలిచేవి."

"అట్టాగా," అన్నాడు జక్రయ్య. ఫోను మనవరాలి చేతికిచ్చి, తిరిగి కాలవ వైపు చూశాడు. సుబ్బరత్తమ్మ నారుమడి కూడా చెప్పి మూసుంటే మిగిలేదేమో. ఆ రోజున చెప్పాలని తోచలేదు. చెబితే మూయనివ్వరనుకున్నాడు.

కెజియా సంచిలోంచి, పొద్దున డాక్టరు అడిగినప్పుడు తిరగేసిన పాత నోటుపుస్తకం తీసింది. అక్టోబరు పదహారు దగ్గర పేజీ తెరిచి, 'గీత వరకు' అన్నది కొట్టేసి పక్కన 'గీత దాటి అర చుట్టు' అని రాసింది. పదిహేడు. పద్దెనిమిది. పదకొండు చోట్లా కొట్టేసి రాసింది. ఇరవయ్యో తేదీ ఎదుట 'వేళ్ళు' అని ఒక మాట ఎక్కువ రాసింది. ఆ పేజీని ఫోటో తీసి డాక్టరుకు పంపింది.

తర్వాత లేచి, మడమలు గట్టుమట్టిలో దిగేలా కాళ్ళు తన్నిపెట్టి చక్రం పట్టుకుంది. జక్రయ్య కండువాలోంచి ఎడమచెయ్యి బయటికి తీసి, పనికిరాని ఆ చేతినే ఆమె చెయ్యి పక్కన వేశాడు. ఇద్దరూ అర చుట్టు తిప్పారు. షట్టరు కింద బుసబుస ఆగింది. కాలవలో నీళ్ళు ఒక్క క్షణం తటపటాయించి, శివారు వైపు మళ్ళాయి.